జాయింటుదే తప్పు

పొద్దున్నే ఉరుము తన గది తలుపు ధన్‌మని వేసుకున్నాడు. బయట అలారం కీచుమంది. హాల్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా తలలు దించేసుకున్నారు, పైకప్పు తమ మీద పడుతుందేమో అన్నట్టు.

ఉరుము అంటే ఆ కేబుల్ కంపెనీ ఆఫీసుకి పెద్ద. ఎదురుగా అందరికీ సార్. వీపు తిరగ్గానే ఉరుము. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి. టీ చల్లారితే తలుపు. ఫోను ఎత్తకపోతే తలుపు. పైవాళ్ళు చీవాట్లు పెడితే మళ్ళీ తలుపు. కొన్ని వారాలుగా లింకు పడిపోతోందని కూడా తలుపే.

లింకు ఒక బ్యాంకుది. ఇంకో ఊళ్ళో ఉన్న వాళ్ళ పెద్దాఫీసు నుంచి ఇక్కడిదాకా, వెంట్రుకంత గాజు తీగలో వెలుగు పరిగెత్తుకుంటూ వస్తుంది. బ్యాంకు లెక్కలన్నీ ఆ వెలుగులోనే వస్తాయి. అది ఉన్నట్టుండి పడిపోతోంది. పడిపోవడమంటే తీగ తెగడం కాదు. రెప్పపాటు కాలం ఇవతల ఆ వెలుగుని అందుకునే రిసీవర్‌కి అయోమయం వస్తుంది, తేరుకోవడానికి ఇంకాస్త సేపు పడుతుంది. ఆ కాస్త సేపూ బ్యాంకు కౌంటర్లన్నీ కొయ్యబారిపోతాయి. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు. ఒక వేళా పాళా లేదు.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఉరుము గడప మీద నిలబడి గుడ్లురిమి చూశాడు.

"పడిందా?"

"పడింది సార్" అన్నాడు స్క్రీనాయన. అలారాల స్క్రీను ముందు ఇన్నేళ్ళూ కూర్చుని కూర్చుని ఆయన అసలు పేరు ఆయనే మర్చిపోయి ఉంటాడు.

"ఆ స్ప్లైసర్‌కి ఫోన్ కలుపు. స్పీకర్లో పెట్టు. అందరూ వినాలి."

టెస్టింగ్ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి చేతిలో పని ఆపేసింది. ఆఫీసులో ఆమె టెస్టింగ్ మేడమ్. ఇంట్లో చిన్నకోడలు. మనకీ చిన్నకోడలే, ఎందుకంటే ఈ తలనొప్పంతా అక్కడే ఉంది. రోడ్ల మీద తిరుగుతూ ఆ కేబుల్‌కి జాయింట్లు వేసే స్ప్లైసర్ మరెవరో కాదు, స్వయానా ఆమె భర్తకి అన్న.

"ఏమయ్యా! మొన్న వేసిన జాయింటు చేతులతో వేశావా, కాళ్ళతో వేశావా?"

"లాస్ బాగానే వచ్చింది సార్" అంది స్పీకరు. వెనక లారీల మోత. "జాయింటు దగ్గర వెలుగేమీ పోవట్లేదని మీ వాళ్ళే కొలిచారు."

"లాసూ గీసూ నాకు చెప్పకు. లింకు పడింది. గురువారం బ్యాంకు మేడమ్ స్వయంగా వస్తోంది. ఎవరో ఒకరు తల వంచుకు నిలబడాలి ఆవిడ ముందు. నేనైతే నిలబడను. ఈలోగా ఉన్న జాయింట్లన్నీ కోసి మళ్ళీ వెయ్యి. గురువారం ఆ జాయింట్లు వేసే మెషీన్ తీసుకునిరా. అది ఇక్కడ అప్పజెప్పి, చేతులూపుకుంటూ ఇంటికి పోదువుగాని."

కంపెనీ మెషీన్ లాక్కుని పంపేసిన స్ప్లైసర్‌ని ఇంకో కంపెనీ గేటు దగ్గరే ఆపేస్తుంది. ఆ సంగతి స్పీకరుకి అటువైపున్న మనిషికి తెలుసు, ఇటువైపున్న వాళ్ళకీ తెలుసు.

చిన్నకోడలు తల ఎత్తలేదు. ఈ రొష్టుకి మొదలు ఆమె నోరే. మొదటిసారి లింకు పడినప్పుడు ఉరుము అందరినీ నిలబెట్టి కారణం ఏంటని అడిగాడు. ఆమె "బహుశా జాయింట్లేమో సార్, చూడాలి" అంది. చూడాలి అన్నది ఎవరికీ వినపడలేదు. బహుశా కూడా గాలికి పోయింది. జాయింటు ఒక్కటే మిగిలింది.

సాయంత్రం ఇంట్లో తోడికోడలు గిన్నెలతో మాట్లాడుతోంది. చిన్నకోడలితో మాట్లాడటం మానేసి వారం దాటింది. ఏం చెప్పాలన్నా గిన్నెలకే చెబుతుంది, అవి వింటాయి కాబట్టి.

"కొంతమందికి తినేది ఇక్కడ, గోతులు తవ్వేది అక్కడ" అంది ఒక మూకుడితో. "చదువుకున్న చేతులు కదా, గోతులు కూడా గుండ్రంగా తవ్వుతాయి."

"అక్కా, నేను ఆయన పేరు చెప్పలేదు."

"అవునే, పేరు చెప్పలేదట" అంది తోడికోడలు గరిటెతో. "పని చెప్పిందట. ఆ పని చేసేది ఊరి మొత్తానికీ ఆయనొక్కడే."

చిన్నకోడలి మొగుడు గదిలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. అన్న వైపు మాట్లాడితే పెళ్ళాం, పెళ్ళాం వైపు మాట్లాడితే అన్న. అందుకని ఆ మనిషి ఎటూ మాట్లాడకుండా ఫోనుకే అంకితమైపోయాడు. అంత సుఖం ఇంకొకరికి లేదు ఆ ఇంట్లో.

బావగారు వచ్చేసరికి చీకటి పడుతోంది. ప్యాంటు మోకాళ్ళ దాకా మట్టి. పెరట్లో కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నాడు, వేళ్ళ కొసల్ని వెలుగుకి పెట్టి చూసుకుంటూ. గాజు తీగ ముక్క గుచ్చుకుంటే కంటికి కనపడదు, తడిమితేనే తెలుస్తుంది.

"ఏమ్మా! రేపు ఏ జాయింటు కొయ్యమంటారు?" అన్నాడు తల తిప్పకుండానే.

"నేను కొయ్యమనలేదు బావగారూ."

"అవును. నువ్వు బహుశా అన్నావు, అంతే."

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. అయినా అక్కణ్ణించి కదల్లేదు. "రేపు నేనూ సైటుకి వస్తాను" అంది.

"దేనికి? నా చేతులు వణుకుతున్నాయేమో చూడ్డానికా?"

"కాదు. వెలుగు చూడ్డానికి."

"ఇంకేం, దయచెయ్యి. వ్యానులో ముందు సీటు ఖాళీగానే ఉంటుంది. ఇన్నాళ్ళూ నాతో ఎవరూ రాలేదు కదా."

మంగళవారం రైలు వంతెన పక్కన, కేబుల్ గది దగ్గర దిగారు. గది అంటే నిలబడి ఒకసారి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. దూరం నుంచి వచ్చి అలిసిన వెలుగుకి అక్కడ కొత్త బలం ఇచ్చే యంత్రం ఒకటి ఉంది. గది బయట గుంటలో జాయింటు పెట్టె. బ్యాంకు వాళ్ళు ఒప్పుకున్న గంటలో వాళ్ళ లెక్కల్ని పక్కదారికి మళ్ళించారు. బావగారు పట్టా పరిచి, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

బాగున్న జాయింటుని కొయ్యడం ఎలా ఉంటుందో చిన్నకోడలు మొదటిసారి చూసింది. పెట్టె ట్రేలో తీగ చుట్ట విప్పాడు. పాత జాయింటు మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. కత్తిరించాడు. తీగ పై పూత ఒలిచాడు, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచాడు, గాజు కిర్రుమనేదాకా తుడిచాడు. కొసని కట్టర్‌లో పెట్టి టక్కున కోశాడు. అటు కొస, ఇటు కొస మెషీన్‌లో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. లోపల చిన్న మెరుపు. రెండు తీగలు ఒక్కటైపోయాయి. ముందే తొడిగి ఉంచిన రక్షణ గొట్టాన్ని దాని మీదకి జరిపి, వేడి మీద పెట్టి, అది బిగుసుకునేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"కొలుచుకో" అన్నాడు.

ఆమె కొలిచింది. లాస్ దాదాపు సున్నా. కోయకముందు కూడా అంతే.

"బాగుంది బావగారూ."

"బాగుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మీ ఉరుముకి చెప్పు."

బ్యాంకు లెక్కలు మళ్ళీ అసలు దారికి వచ్చాక, ఆమె తన సంచీలోంచి ఒక మీటరు తీసి గదిలోని యంత్రానికి తగిలించింది. మీటరు తెర మీద బంతి బొమ్మ, బంతి మీద ఒక పచ్చ చుక్క.

"ఇదేంటి, ఆటబొమ్మా?"

"బట్టలారేసే తాడు కొస పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. అల నిలువుగా పోతుంది. పక్కలకి ఊపితే అడ్డంగా పోతుంది. వెలుగూ అలాగే ఏదో ఒక వాలులో ఊగుతూ వస్తుంది. పోలరైజేషన్ అంటారు దాన్ని. ఆ వాలు ఇప్పుడెటుందో ఈ చుక్క చెబుతుంది." ఆమె గొంతులో విసుగు ఉంది, నిన్నటి సాయంత్రానిది. "తీగ వంగినా, వేడెక్కినా, అదిరినా ఆ వాలు తిరుగుతుంది. రిసీవర్ దాని వెంటే తనూ తిరుగుతూ పట్టుకుంటుంది. మెల్లిగా తిరిగితే ఫర్వాలేదు. ఒక్కసారిగా గిర్రున తిరిగితే పట్టు జారిపోతుంది. లింకు పడుతుంది."

"లాస్‌లో కనపడదా అది?"

"కనపడదు. రావలసిన వెలుగంతా వస్తూనే ఉంటుంది. వాలు ఒక్కటే తప్పుతుంది. మనం ఇన్నాళ్ళూ లాస్ తప్ప ఇంకేం కొలవలేదు."

"మనం కాదు" అన్నాడు బావగారు స్పిరిట్ సీసా మూత బిగిస్తూ. "మీరు."

వంతెన మీద రైలు వచ్చింది. కాళ్ళ కింద నేల అదిరింది. చిన్నకోడలు ఊపిరి పీల్చడం కూడా మానేసి చుక్కనే చూసింది. వంతెనే దొంగ అని రాత్రంతా అనుకుంటూ వచ్చింది పిచ్చి మొహం. చుక్క కాస్త చలించింది, బంతి మీద ఇటు నుంచి అటు తీరిగ్గా నడిచింది, ఆగింది. స్క్రీనాయనకి ఫోన్ చేసింది. లింకు నిక్షేపంగా ఉందన్నాడు. ఇంకో రైలు పోయింది. అదీ అంతే.

"అయితే రైలు కూడా నిర్దోషే" అన్నాడు బావగారు. "ఇక మిగిలింది నేను."

సామాన్లు సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. స్క్రీనాయన. "మేడమ్, ఇప్పుడే పడింది."

ఆమె గబుక్కున మీటరు వైపు చూసింది. చుక్క ఉన్నచోటే ఉంది. రైలు లేదు, గాలి లేదు, చుక్కలో చలనం లేదు. అయినా లింకు పడింది. అంటే వెలుగు ఈ గది దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాతే ఎవరో దాన్ని కుదిపారు. ఆ తర్వాత ఉన్నది నేలలో లోతుగా పాతిన కాస్త కేబులు, ఆ పైన వాళ్ళ ఆఫీసు.

"అక్కడేం జరుగుతోంది ఇప్పుడు?"

"ఏముంటుంది మేడమ్, పడింది కదా, ఉరుము తలుపు వేసుకున్నాడు. ఆయన గదిలోనూ స్క్రీనుంది కదా."

"ముందు పడిందా? ముందు తలుపా?"

"పడిందనే కదా తలుపు..." అని ఆగిపోయాడు స్క్రీనాయన. "కాదు మేడమ్. చప్పుడికి నేను ఉలిక్కిపడ్డాను, టీ ఒలికింది. తుడుచుకుంటుంటే అలారం మోగింది. తలుపే ముందు."

బుధవారం అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళి, యంత్రాల ర్యాకుల వెనక్కి దూరింది చిన్నకోడలు. చూడగానే నుదురు కొట్టుకోవాలనిపించింది. రెండు నెలల కిందట ఉరుము తన గది చాల్లేదని చెక్క గోడని ఇవతలికి జరిపించాడు. జరిపిన గోడ ఊగకుండా వడ్రంగి దాన్ని పక్కనున్న ర్యాకుకి బోల్టులతో బిగించేశాడు. సరిగ్గా ఆ ర్యాకులోనే చుట్ట పెట్టె ఉంది. దాని లోపల కిలోమీటర్ల కొద్దీ సన్నటి గాజు తీగ చుట్టలు చుట్టి ఉంటుంది, దూరం వచ్చి చెదిరిన వెలుగుని మళ్ళీ ఒద్దికగా చేర్చడానికి. బ్యాంకు వెలుగంతా రిసీవర్‌లోకి వెళ్ళేముందు ఆ చుట్టలన్నీ తిరిగి వెళ్ళాలి. తలుపు గోడని కొడుతుంది, గోడ ర్యాకుని కొడుతుంది, ర్యాకు పెట్టెని కొడుతుంది.

మీటరుని పెట్టె ఇవతలి వైపు తగిలించి, పెన్సిలు వెనకున్న రబ్బరుతో పెట్టెని మెల్లిగా తట్టింది. పచ్చ చుక్క బంతి మీద ఎగిరి గంతేసింది. ఇంకాస్త మెల్లిగా తట్టింది. మళ్ళీ గంతు. లింకు పడలేదు, పడేంత గట్టిగా కొట్టే ధైర్యం ఆమెకి లేదు. కానీ రబ్బరు ముక్కకే ఇంత గంతు వేస్తే ఉరుము తలుపుకి ఏమవుతుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఉరుము రాగానే వెళ్ళి చెప్పింది. మీటరు బల్ల మీద పెట్టి మరీ చెప్పింది. ఆయన మొదట నవ్వాడు.

"అంటే నా తలుపుకి బ్యాంకు లింకు పడుతోంది."

"అవును సార్."

"నీ బావ వేసిన జాయింట్లు బంగారం. నా తలుపు దొంగ."

"సార్, ఆయన నా బావగారు కాకపోయినా ఇదే చెబుదును."

"చెప్పవు!" బల్ల మీద అరచేత్తో చరిచాడు. "ఇంటి పరువు కాపాడుకోవడానికి ఆటబొమ్మ ఒకటి తెచ్చి నన్ను దోషిని చేస్తావా? నీ నోటితోనే కదా జాయింటు అన్నావు?" మీటరు తీసి బీరువాలో పడేసి తాళం తిప్పాడు. "విను. ఈ తలుపు మీద చెయ్యి వేశావో, ఆ ర్యాకు ముట్టుకున్నావో, కావాలని బ్యాంకు లింకు పడగొట్టావని కేసు పెడతాను. గురువారం నువ్వు నోరు విప్పకూడదు. పో బయటికి."

ఆమె బయటికి వచ్చీ రాగానే వెనక తలుపు ధన్‌మంది. అలారం కీచుమంది. ఉరుము తలుపు తీసుకుని రంకెలు వేస్తూ వచ్చాడు.

"చూశావా? మళ్ళీ పడింది! ఇంకా జాయింటు కాదంటావా?"

చిన్నకోడలికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదీ బయటికి రానివ్వలేదు. ఆయన అప్పటికే స్పీకర్లో బావగారి మీద విరుచుకుపడుతున్నాడు. మిగిలిన ఆఖరి జాయింటు ఇప్పుడే కొయ్యాలి. ఫోను పెట్టెయ్యకూడదు. పని అయ్యేదాకా ఆయన వింటూ ఉంటాడు.

వింటూ ఉన్నాడా! ఆ గంటంతా అరుస్తూనే ఉన్నాడు. తీగ ఒలుస్తుంటే అరిచాడు, తుడుస్తుంటే అరిచాడు. నీ వయసెంత, నీ కళ్ళు కనపడతాయా, నీకు మెషీన్ ఇచ్చినవాణ్ణి అనాలి, అన్నాడు. అటునుంచి "అలాగే సార్" తప్ప ఇంకో మాట రాలేదు. హాల్లో ఒక్కరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. జాయింటు అయిందనగానే ఉరుము పైవాళ్ళని కలవడానికి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఆ రోజు రాలేదు.

సాయంత్రం ఇంటి మెట్ల మీద ఆమె తలుపు సంగతి అంతా చెప్పింది. బావగారు బూట్ల తాళ్ళు విప్పుకుంటూ విన్నాడు.

"ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు చివరికి. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. తోడికోడలు ఆ రాత్రి గిన్నెలతో కూడా మాట్లాడలేదు.

గురువారం బ్యాంకు మేడమ్ వచ్చింది. సన్నగా, పొడవుగా, ఎవరినీ చూసి నవ్వే అలవాటు లేని మనిషి. ఉరుము మాత్రం ఒళ్ళంతా నవ్వైపోయాడు. కుర్చీ తనే జరిపాడు, ఫ్యాను తనే వేశాడు. తన గది తలుపుని వేలితో తోసి వదిలేశాడు, అది బుద్ధిగా అలాగే తెరిచి ఉంది. పొద్దుటి నుంచి లింకు ఒక్కసారి కూడా పడలేదు. ఎలా పడుతుంది, ఆయనకి కోపమే రాలేదు కదా!

బావగారు గోడ వారన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కాళ్ళ దగ్గర మెషీన్ పెట్టె.

"నిన్న మధ్యాహ్నం ఆఖరి జాయింటు దగ్గరుండి మళ్ళీ వేయించాను మేడమ్" అన్నాడు ఉరుము. "అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్కసారి పడలేదు. స్క్రీను చూడండి. ఇక చెప్పేదేముంది, తప్పు జాయింటుది. ఇతన్ని ఇవాళ్టితో తప్పిస్తున్నాం."

చిన్నకోడలు లేచి నిలబడింది. "మేడమ్, తప్పు జాయింటుది కాదు."

"ఈమె ఆయన తమ్ముడి భార్య మేడమ్" అన్నాడు ఉరుము, తేనె ఒలకబోస్తూ. "పాపం, బాధ ఉంటుంది కదా."

బ్యాంకు మేడమ్ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "బంధుత్వాలు ఇంట్లో పెట్టుకోండమ్మా. మా కౌంటర్ల ముందు జనం నన్ను తిడుతున్నారు. కూర్చోండి."

కూర్చుంటే అయిపోతుంది. ఆ మెషీన్ పెట్టె బల్ల మీదకి వస్తుంది, బావగారు లేచి వెళ్ళిపోతాడు. తలుపు మీద చెయ్యి వేస్తే కేసు. మీటరు బీరువాలో ఉంది. చెప్తే వినేవాళ్ళు లేరు. ఆమె దగ్గర మిగిలింది నోరు ఒక్కటే. ఈ గొడవ తెచ్చిపెట్టింది కూడా అదే కదా, అనుకుంది. ఉరుము వైపు తిరిగింది.

"సార్, మిమ్మల్ని మేమంతా ఏమని పిలుస్తామో మీకు తెలుసా?"

ఉరుము నవ్వు అక్కడే ఆగిపోయింది. "ఏంటి?"

"ఉరుము అంటాం. ఎందుకంటే చప్పుడే తప్ప చినుకు రాలదు. మీరు అరుస్తుంటే మేం భయపడుతున్నాం అనుకుంటున్నారు. మీరు లోపలికి పోగానే మీలా నడిచి చూపిస్తారు ఇక్కడ. తలుపు వేసినట్టు కూడా చేసి చూపిస్తారు. పోయిన వారం స్క్రీనాయన చేస్తే నవ్వలేక చచ్చాం."

స్క్రీనాయనకి గుండె ఆగినంత పనైంది. ఆపుకుందామనే చూశాడు పాపం. ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చేసింది.

ఉరుము మొహం కందగడ్డైంది. మెడ మీద నరాలు లేచాయి. బ్యాంకు మేడమ్ ఎదురుగా ఉందని గుర్తొచ్చి పళ్ళు బిగబట్టి, "ఒక్క నిమిషం మేడమ్, ఈమెని తీసేసే కాగితం తెస్తాను" అన్నాడు. అడుగులు లెక్కపెట్టుకుంటున్నవాడిలా గదిలోకి వెళ్ళాడు. అక్కడిదాకా ఆపుకోగలిగాడు.

ధన్!

అలారం కీచుమంది. స్క్రీను మీద ఎర్ర గీత.

తలుపు తెరుచుకుంది. "చూశారా మేడమ్, మళ్ళీ పడింది! ఇతని జాయింటే!" అని అరుస్తూ వచ్చాడు ఉరుము.

బ్యాంకు మేడమ్ స్క్రీను చూసింది. తలుపు చూసింది. లేచి వెళ్ళి ఆ చెక్క గోడ పక్కనుంచి ర్యాకుల వెనక్కి తొంగి చూసింది. బోల్టుల మీద వేలు పెట్టింది. తిరిగొచ్చి తన ఆఫీసుకి ఫోన్ చేసి, లెక్కలన్నీ కాసేపు పక్కదారికి మళ్ళించమంది.

"ఆ తలుపు ఇంకోసారి వెయ్యండి" అంది ఉరుముతో.

ఆయన తలుపుని చేత్తో పట్టుకుని మెల్లిగా చేరవేశాడు. ఏమీ కాలేదు.

"అలా కాదు. ఇందాకటిలా."

"మేడమ్, నేను..."

"ఇందాకటిలా వెయ్యండి. వారాల తరబడి వేసిన మనిషికి నేర్పాలా?"

హాలంతా చూస్తోంది. ఉరుము చెయ్యి తలుపు మీద ఉంది, కానీ కోపం రావడం లేదు. జీవితంలో మొదటిసారి అవసరానికి రాలేదు. చివరికి కళ్ళు మూసుకుని విసిరాడు. ధన్. అలారం.

ఆ తర్వాత ఎక్కువ మాటల్లేవు. గోడకి ఉన్న బోల్టులు ఇవాళే ఊడదీయాలి, చుట్ట పెట్టె వేరే ర్యాకులోకి మార్చాలి, స్ప్లైసర్‌ని మార్చడానికి వీల్లేదు, అంది బ్యాంకు మేడమ్. చిన్నకోడల్ని తీసేసే కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆవిడ ఆమె వైపు చూసి మెచ్చుకోలేదు కూడా. "ఇన్ని వారాలు పట్టిందా ఇది చూడ్డానికి?" అంది. అంతే.

బావగారు మెషీన్ పెట్టె తీసుకుని వరండాలోకి వచ్చేశాడు. చిన్నకోడలు వెనకే పరిగెత్తింది. ఆయన ఏమైనా అంటాడని, పోనీ బాగా చేశావమ్మా అనకపోయినా ముందు సీట్లో కూర్చో అంటాడని ఆశ. ఆయన మెట్ల దగ్గర ఆగి పెట్టె కింద పెట్టాడు.

"నిన్నటి జాయింటు బాగాలేదమ్మా."

"ఏంటి బావగారూ?"

"మెషీన్ బాగుందనే చూపించింది. గొట్టం సరిగ్గా బిగుసుకోకముందే వేడి మీంచి తీసేశాను. ట్రేలో చుట్ట కూడా పట్టేసినట్టు కుక్కాను. ఆయన అరుస్తూనే ఉన్నాడు, ఎప్పుడెప్పుడు మూత వేస్తానా అనిపించింది." వేళ్ళు చూసుకున్నాడు. "ఇవాళ పడదు. ఏడాదికో రెండేళ్ళకో తేమ పట్టి పడుతుంది. అప్పుడు నేనని ఎవరికీ తెలీదు."

"అయితే చెప్పకండి!" ఆమె గొంతు పెద్దదైపోయింది, తగ్గించుకుంది. "ఇప్పుడే బయటపడ్డాం. జాయింట్లన్నీ బంగారమని కొట్లాడాను మీ కోసం. రేపు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి సరిచేసుకుందాం. నేనూ వస్తాను."

"బ్యాంకుని అడక్కుండా వాళ్ళ తీగ కోస్తానా?"

"ఉరుముకి దొరికిపోతారు బావగారూ. అక్క ఏమైపోతుంది?"

"నువ్వు లోపల అంతలేసి మాటలన్నది ఆయన తప్పు ఆయన ఒప్పుకోవట్లేదనే కదా" అన్నాడు బావగారు, పెట్టె మళ్ళీ ఎత్తుకుంటూ. ఆమె అడ్డం నిలబడింది. ఆయన పక్కనుంచి తప్పుకుని హాల్లోకి వెళ్ళాడు.

బ్యాంకు మేడమ్ సంచీ భుజానికి తగిలించుకుంటోంది. ఉరుము కుర్చీలో కూలబడి ఉన్నాడు. బావగారు పెట్టె బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఒక్క మాట. జాయింట్లన్నీ బాగున్నాయని మా అమ్మాయి చెప్పింది. ఒకటి బాగాలేదు. నిన్న వేసింది. రేపు ఒక గంట ఇప్పిస్తే మళ్ళీ వేస్తాను. ఇప్పించకపోతే మెషీన్ ఇదిగో."

ఉరుము ఒక్క ఉదుటున లేచాడు. మొహంలోకి ప్రాణం వచ్చింది. "నేను చెప్పలేదూ! చెప్పానా లేదా మేడమ్! వాడి నోటితోనే వాడు..."

"నిన్న గంటసేపు ఫోన్లో ఆయన మీద అరిచింది ఎవరు సార్?" అంది గుమ్మంలోంచి చిన్నకోడలు. బావగారు ఆమె వైపు చెయ్యి చూపించి ఆగమన్నాడు.

బ్యాంకు మేడమ్ ఇద్దరినీ చూసింది, ఉరుముని చూసింది. సంచీ మళ్ళీ కుర్చీలో పెట్టింది.

"అరిచాడా?" అంది బావగారితో. "అందుకేనా అది చెడింది?"

హాల్లో అందరూ బావగారి నోటి వైపే చూస్తున్నారు. ఒక్క ముక్క అంటే చాలు, ఉరుము పని అయిపోతుంది.

"చెయ్యి నాదేనమ్మా" అన్నాడు బావగారు.